గార పళ్ళు, తెల్ల పళ్ళు – పందుంపుల్ల నుంచి బొగ్గు పేస్టు దాకా

నాకు వచ్చే ఫార్వర్డ్ మెసేజీల్లో ఒకటి ఏడాదికి నాలుగైదు సార్లయినా తిరిగి వస్తుంటుంది. సారాంశం ఇది: మన తాతలు ఉప్పుతో, బొగ్గుతో, వేపపుల్లతో పళ్ళు తోముకునేవారు. విదేశీ కంపెనీ వచ్చి అవన్నీ మోటు పద్ధతులని చెప్పి మనకు పేస్టు అమ్మింది. ఇప్పుడు అదే కంపెనీ "మీ పేస్టులో ఉప్పుందా? వేప ఉందా? బొగ్గుందా?" అని అడుగుతోంది. కాబట్టి మన పూర్వీకులకు అన్నీ ముందే తెలుసు!

చదవగానే నవ్వొస్తుంది, నిజమే కదా అనిపిస్తుంది కూడా. అక్కడే చిక్కుంది. కంపెనీ వాడు ఉప్పు గురించి ప్రకటన వేసినంత మాత్రాన ఉప్పు మంచిదని రుజువైనట్లా? కంపెనీ అమ్మేది జనం నమ్మేదాన్ని. జనం ఉప్పును నమ్ముతారని తెలిసి ఉప్పు పేరు పెట్టాడు. అంటే ఆ ప్రకటన పూర్వీకుల విజ్ఞానానికి సాక్ష్యం కాదు, మన నమ్మకాల మీద వాడు చేసిన మార్కెట్ సర్వేకి సాక్ష్యం. కాబట్టి ప్రకటననీ ఫార్వర్డ్‌నీ రెంటినీ పక్కన పెట్టి, మన దేశంలో పళ్ళు తోముకోవడమనే పనికి ఉన్న అసలు చరిత్ర ఏమిటో చూద్దాం. ఇందులో పూర్వీకులకు ఇవ్వాల్సిన మార్కులు ఉన్నాయి, కొట్టెయ్యాల్సిన మార్కులూ ఉన్నాయి.

ముందు మార్కులు ఇద్దాం. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి చరక, సుశ్రుత సంహితలు రెండూ రోజూ పుల్లతో పళ్ళు తోముకోమని చెప్పాయి. పుల్ల చివర నమిలి కుంచెలా చేసుకోమన్నాయి, చిగుళ్ళకు దెబ్బ తగలకుండా తోముకోమన్నాయి. చేదు రుచి ఉన్నవాటిలో వేప మేలని, వగరు రుచిలో చండ్ర మేలని సుశ్రుతుడు చెబుతాడు. బౌద్ధుల వినయ పిటకంలో ఇంకా ముచ్చటైన వివరం ఉంది. పుల్ల నమలకపోతే కలిగే నష్టాలు ఐదని చెబుతుంది, నోటి దుర్వాసన అందులో ఒకటి. భిక్షువులు కొందరు పొడుగాటి పుల్లలు తెచ్చుకుని, వాటితోనే కుర్ర శ్రమణుల్ని కొట్టారట! అందుకని పుల్ల ఎనిమిది అంగుళాలు (అంటే ఎనిమిది వేళ్ళ వెడల్పు) దాటకూడదని నియమం పెట్టారు. ఇంకొకడు మరీ పొట్టి పుల్ల వాడితే అది గొంతులో ఇరుక్కుందట. అందుకని నాలుగు అంగుళాలకు తగ్గకూడదని ఇంకో నియమం. ఇక్కడ పుణ్యమూ పాపమూ లేవు. ఒక ఇబ్బంది వచ్చింది, దానికో నియమం వచ్చింది. నాకు చాలా నచ్చిన భాగం ఇది.

7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్ కూడా ఈ పుల్ల గురించి ఒక అధ్యాయమే రాశాడు. పుల్లను చీల్చి వంచి నాలుక గీసుకోవడం దాకా అన్నీ వర్ణించాడు. మన పల్లెల్లో మొన్నమొన్నటి వరకూ చేసిన పని అదే. అరబ్బు దేశాల్లో మిస్వాక్ పుల్ల ఉంది, ఆఫ్రికాలో వేరే చెట్ల పుల్లలు ఉన్నాయి. అంటే ఇది ఒక్క మన ఋషుల సొత్తు కాదు. పన్నున్న ప్రతి చోటా మనిషి చెట్టుకేసి చూశాడు. పుల్ల పని చేయడానికి ప్రధాన కారణం దాని పీచు పంటి మీది పాచిని రాపిడితో తీసెయ్యడమే. వేపలో సూక్ష్మజీవుల్ని కొంత అదుపు చేసే పదార్థాలూ ఉన్నాయి, కాదనను. కానీ పాచిని తీసే పని మంత్రం చదివినా చదవకపోయినా జరుగుతుంది.

ఇప్పుడు మార్కులు కొట్టేసే చోటికి వద్దాం. చరకుడి పుల్లల జాబితాలో కానుగ, మద్దిలతో పాటు గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. గన్నేరు గుండె మీద పనిచేసే విషమని మనకు తెలుసు. గన్నేరు కాయలు, పప్పు తిని ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు తెలుగు పేపర్లు చదివే ఎవరికీ కొత్త కాదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో పల్లెటూరి పిల్లాడికీ తెలుసు. "పూర్వీకులు చెప్పిందంతా నిరపాయం" అనేవారు రేపు ఉదయం గన్నేరు పుల్ల నమిలి చూపిస్తారా? నమలొద్దనే నా మనవి. చరకుడిని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. తన కాలానికి ఆయన పరిశీలించగలిగినంత పరిశీలించాడు. ఆయన్ని తప్పు చేయని దేవుణ్ణి చేసింది మనం.

వైద్యుల చేతిలోంచి ఈ పుల్ల ధర్మశాస్త్రాల వాళ్ళ చేతిలో పడ్డాక జరిగింది ఇంకా విచిత్రం. విష్ణు స్మృతిలో దంతధావనానికి ఒక అధ్యాయమే ఉంది. ఏ చెట్టు పుల్ల వాడాలో, ఏది వాడకూడదో, ఎటు తిరిగి కూర్చోవాలో అందులో ఉంటుంది. అమావాస్య నాడు పుల్ల వాడకూడదంటుంది. పంటి మీద పేరుకునే సూక్ష్మజీవులకు అమావాస్య సెలవు లేదు కదా! తర్వాతి స్మృతి సంకలనాల్లో పుల్ల పొడుగు వర్ణాన్ని బట్టి తగ్గుతూ పోతుంది. బ్రాహ్మణుడికి పొడుగు పుల్ల, కింద కులానికి వచ్చేకొద్దీ పొట్టి పుల్ల, ఆడవాళ్ళకు అన్నింటికన్నా పొట్టిది. పంటికి కులమేమిటి? దవడ ఎముక అందరికీ ఒకటే కదా? కులం మన నోట్లోకి కూడా పుల్ల పెట్టి కొలిచిందన్న మాట!

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పందుంపుల్లకు ఒక అధ్యాయం కేటాయించాడు. ఏ చెట్టు పుల్లతో తోమితే ఏ ఫలితం, తోమి పారేసిన పుల్ల ఏ దిక్కున ఎలా పడితే ఏమి జరుగుతుంది – ఇదీ అందులోని విషయం. గ్రహణాల లెక్కలు కట్టగలిగిన మనిషి ఆయన. అదే మనిషి పుల్ల పడిన తీరును బట్టి భవిష్యత్తు చెప్పాడు. ఒక మనిషిలో గణితమూ మూఢనమ్మకమూ పక్కపక్కనే కాపురం చెయ్యగలవని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇప్పటికీ రాకెట్ ప్రయోగానికి ముందు పూజలు చేసే శాస్త్రవేత్తలు మనకు లేరా?

సరే, శుభ్రత సంగతి ఇది. మరి తెల్లదనం? మనవాళ్ళు పళ్ళను మల్లెమొగ్గలతోనూ, దానిమ్మ గింజలతోనూ పోల్చారు. కానీ తెల్ల పళ్ళే అందం అన్నది ఎల్లకాలం ఎల్లచోట్లా ఉన్న నియమం కాదు. తాంబూలంతో ఎర్రబడిన నోరు సంపదకూ సరసానికీ గుర్తుగా ఎన్నో శతాబ్దాలు చెల్లింది. ఉత్తరాదిలోనూ దక్కనులోనూ ఆడవాళ్ళు మిస్సీ అనే పొడితో పళ్ళ సందుల్నీ చిగుళ్ళనూ నల్లగా చేసుకునేవారు. జపాన్‌లో ఇనుప ద్రావణంతో పళ్ళు నల్లగా నిగనిగలాడేలా చేసుకోవడం పెద్దింటి అలవాటు. 1870లో మేజీ ప్రభుత్వం తమ దొరలకు దాన్ని మాన్పించింది. అంటే నల్ల పళ్ళు ఒకచోట పరువు, ఇంకోచోట పరువు తక్కువ. పంటికి ఒక రంగే అందమనేది ప్రకృతి రాసిన చట్టం కాదు.

అసలు పన్ను పాలలా తెల్లగా ఉండదు. పైన ఎనామిల్ పొర కొంత పారదర్శకంగా ఉంటుంది, దాని కింద డెంటిన్ లేత పసుపు రంగులో ఉంటుంది. ఆ పసుపు పైకి కనబడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పన్ను ఇంకా పచ్చగా కనిపిస్తుంది. ఇది జబ్బు కాదు, అశుభ్రత కూడా కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే నశిస్తాయి. గోరు విరిగితే పెరుగుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. అరిగిపోయిన ఎనామిల్ మాత్రం మళ్ళీ రాదు.

ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఇంటి చిట్కాల్లో సగం ఎందుకు ప్రమాదమో దానంతటదే అర్థమవుతుంది. ఎనామిల్ గట్టిదనం మోస్ కొలబద్ద మీద సుమారు 5. ఇటుక పొడిలోనూ ఇసుకలోనూ ఉండే క్వార్ట్జ్ 7. ఊక బూడిద నిండా సిలికా ఉంటుంది. ఇటుక పొడితో తోమితే మొదటి వారం పళ్ళు తెల్లబడతాయి, అబద్ధం కాదు. పైనున్న గార పోతుంది కాబట్టి. నెలలూ ఏళ్ళూ గడిచాక ఎనామిల్ పలచబడి కింది పసుపు బయటపడుతుంది. "ఇంకా పచ్చగా అవుతున్నాయే" అని ఇంకా గట్టిగా తోముతారు! తెల్లదనం కోసం వేసిన మందే పసుపును పెంచుతుందన్న మాట. చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడం దాని తర్వాతి మెట్టు. కచిక అంటే పిడకల బొగ్గు ఇటుకంత గరుకు కాకపోవచ్చు. కానీ అందులో మట్టి, ఇసుక ఎంత కలిసిందో ఎవరు చూశారు? ఇప్పుడు అదే బొగ్గు నల్ల పేస్టుగా వందల రూపాయలకు వస్తోంది. 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష, బొగ్గు పొడులూ పేస్టులూ సురక్షితమనీ పని చేస్తాయనీ చెప్పడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. నిమ్మరసం చిట్కా వేరే రకం. ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ దగ్గరే కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కు అటూ ఇటుగా ఉంటుంది. నిమ్మచెక్కతో రాగిచెంబు తళతళలాడుతుంది కాబట్టి పన్ను కూడా అంతే అనుకోవడం పోలిక మీద కట్టిన వైద్యం.

ఇక పొడి సీసాలోకి ఎక్కి వ్యాపారమయ్యాక ఏమైందో చూడండి. కోల్గేట్ 1937లో ఇక్కడ కంపెనీ పెట్టింది. అంతకు ముందూ తర్వాతా స్వదేశీ పళ్ళపొడులు చాలానే వచ్చాయి. "ఆయుర్వేదం" అన్న మాట ఈ సీసాల మీద ఎంత విలువైనదో తెలుసుకోవాలంటే శాస్త్ర గ్రంథాలు కాదు, ఎక్సైజు కేసులు చదవాలి. మందు అయితే పన్ను ఒక రకం, సింగారపు సామాను అయితే ఇంకో రకం. బైద్యనాథ్ వారి దంత్ మంజన్ లాల్ మందా కాదా అన్న గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అందులో 70 శాతం దాకా ఉన్నది గేరు, అంటే ఎర్రమట్టి అని విచారణలో తేలింది. జనం దాన్ని మందుగా కొనరు, రోజూ పళ్ళు తోముకునే పొడిగానే కొంటారు కాబట్టి అది మందు కాదని కోర్టు తీర్పిచ్చింది, 2009లో మళ్ళీ అదే నిలబెట్టింది. విక్కో వజ్రదంతి విషయంలో మాత్రం 2004లో అదే కోర్టు కంపెనీ వైపు తీర్పు చెప్పింది. ఈ కేసుల్లో ఎక్కడా "ఇది పళ్ళకు నిజంగా మేలు చేస్తుందా?" అన్నది ప్రశ్న కాదు. ఎంత పన్ను కట్టాలి అన్నదే ప్రశ్న. సీసా మీద ఆయుర్వేదం అని ఉంటే ఎవరో పరీక్షించి ఉంటారులే అనుకునేవారు ఇది గమనించాలి.

మట్టి అయితే ఫరవాలేదు, పొగాకు సంగతేమిటి? మహారాష్ట్రలో మిశ్రీ, ఉత్తరాదిలో గుల్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల్లో గుడాఖు – ఇవన్నీ పళ్ళు తోముకునే పేరుతో నడిచే పొగాకే. పంటి నొప్పి తగ్గినట్టు ఉంటుంది, తల తేలికవుతుంది, రోజుకు ఒకసారి తోమేవారు నాలుగైదుసార్లు తోముతారు. అది శుభ్రత కాదు, నికోటిన్ వ్యసనం. చివరికి నోటి క్యాన్సర్ దాకా తీసుకుపోయే దారి. 1992లో కేంద్ర ప్రభుత్వం పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు వాడకాన్ని నిషేధించింది. వ్యాపారులు కోర్టుకెక్కారు. 1997లో సుప్రీం కోర్టు నిషేధాన్ని సమర్థించింది. "తరతరాల అలవాటు" అన్న వాదన అక్కడ చెల్లలేదు. మన ఇళ్ళలో మాత్రం ఇంకా చెల్లుతోంది.

తెలుగువాళ్ళం కాబట్టి ఆయిల్ పుల్లింగ్ గురించి చెప్పకపోతే బాగుండదు. ఈ వెర్రి ప్రపంచానికి చేరడంలో మన పాత్ర చిన్నది కాదు. నూనె పుక్కిట పట్టడం ఆయుర్వేదంలో గండూషం పేరుతో ఉంది. కానీ 1990ల్లో తుమ్మల కోటేశ్వరరావు గారు తెలుగునాట ప్రచారం చేసింది రష్యా వైపు డాక్టరు కరాచ్ పేరు మీద. నూనె పుక్కిలిస్తే పళ్ళే కాదు, తలనొప్పి నుంచి గుండెజబ్బు దాకా పోతాయన్నారు. 1996లో ఆంధ్రజ్యోతి పాఠకుల సర్వే జరిగిందనీ, జవాబిచ్చిన 1,041 మందిలో 927 మందికి, అంటే 89 శాతానికి ఏదో ఒక జబ్బు నయమైందనీ ప్రచారకులు లెక్క చెప్పారు. ఆ లెక్కే తర్వాత ఇంటర్నెట్టు నిండా తిరిగింది.

ఈ లెక్కలో తప్పెక్కడ? కూడికలో లేదు. ఎవరు జవాబు రాశారన్న దాంట్లో ఉంది. నూనె పుక్కిలించి రెండు రోజుల్లో విసిగి మానేసినవాడు పేపరుకు ఉత్తరం రాయడు. మేలు జరిగిందనుకున్నవాడే స్టాంపు ఖర్చు పెట్టుకుంటాడు. పోల్చి చూడటానికి నీళ్ళు పుక్కిలించిన వెయ్యిమంది లేరు. జబ్బు దానంతటది తగ్గిందా, మందుతో తగ్గిందా అన్నది చూసిన వైద్యుడు లేడు. గుడి దగ్గర మొక్కు తీరినవాళ్ళను మాత్రమే నిలబెట్టి లెక్కపెడితే దేవుడికీ నూటికి నూరు మార్కులు వస్తాయి. తర్వాత జరిగిన చిన్నచిన్న పరిశోధనల్లో పాచి కొంత తగ్గినట్టు కనబడిన మాట నిజం. నోట్లో ఏ ద్రవాన్ని అంతసేపు ఆడించినా కొంత జరుగుతుంది. దానికీ గుండెజబ్బుకీ సంబంధం కట్టడమే మోసం.

ఇప్పటిదాకా చెప్పింది కొంత నవ్వుకునేలా ఉంది. ఇక చెప్పబోయేది నవ్వుకునేది కాదు. మా సంఘం తరఫున నల్లగొండ వైపు పల్లెల్లో కార్యక్రమాలకు వెళ్ళినప్పుడు మమ్మల్ని అడిగిన ప్రశ్నల్లో దయ్యాల గురించి తక్కువ, పళ్ళ గురించి ఎక్కువ. "సార్, మా అమ్మాయి పళ్ళకు గార పోవడానికి ఏం పెట్టాలె?" అని తల్లులు అడిగేవారు. ఆ పిల్లల పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఉప్పు, ఇటుక పొడి, బొగ్గు, నిమ్మకాయ అన్నీ అయిపోయాయి, చారలు మాత్రం పోలేదు. "పళ్ళు తోముకోకుండా వచ్చావా" అని బడిలో బెత్తం దెబ్బలు తిన్నామని చెప్పినవాళ్ళు, పెళ్ళిచూపుల్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడామని చెప్పినవాళ్ళు నాకు తెలుసు.

అది గార కాదు. అది ఫ్లోరోసిస్. పిల్లకు సుమారు ఎనిమిదేళ్ళు వచ్చేలోపు, దవడలో ఎనామిల్ తయారవుతున్నప్పుడే తాగేనీటిలోని ఎక్కువ ఫ్లోరైడు దాన్ని పాడుచేస్తుంది. మచ్చ పంటి మీద లేదు, పంటిలోనే ఉంది. తోమితే పోయేది కాదు. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి ప్రకటించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో. నల్లగొండ జిల్లా సంగతి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అనే వైద్యుడు రాశాడు. 1975లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వేసి నీళ్ళు శుభ్రం చేసే పద్ధతిని కనిపెట్టింది, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. పేరైతే వచ్చింది, నీళ్ళు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, ఎన్నిక వాయిదా పడింది. దేశం అప్పుడు అటు చూసింది. 2016లో మిషన్ భగీరథ మొదలై నది నీళ్ళు గొట్టాల్లో రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

అమెరికాలోనూ ఇదే కథ. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ ఊరికి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడి పిల్లల పళ్ళ మీద గోధుమ మచ్చలు చూశాడు. పందిమాంసం ఎక్కువ తినడం వల్లనీ, పాలు మంచివి కాకపోవడం వల్లనీ ఊరివాళ్ళు చెప్పారు. ఆయన ఆ మాటలతో సరిపెట్టుకోకుండా దశాబ్దాలు తిరిగాడు. ఐడహోలోని ఓక్లీ అనే ఊళ్ళో, కొత్త గొట్టం ద్వారా ఊట నీళ్ళు వచ్చాకే పిల్లలకు మచ్చలు మొదలయ్యాయని తెలిసి, ఆ నీళ్ళు మానెయ్యమన్నాడు. మానేశారు. కొన్నేళ్ళకు చిన్నపిల్లలకు వచ్చిన కొత్త పళ్ళలో మచ్చలు లేవు. నీటిలో ఉన్నదేమిటో అప్పటికి ఆయనకు తెలియదు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త అది ఫ్లోరైడని తేల్చాడు. మచ్చలున్న పళ్ళు తక్కువగా పుచ్చుతున్నాయని కూడా మెకే గమనించాడు. ఈరోజు పేస్టులో వేసే ఫ్లోరైడు అక్కడి నుంచి వచ్చిందే. "నల్లగొండను కుంగదీసిన విషమే మీ పేస్టులో ఉంది" అనే ఫార్వర్డ్ కూడా ఒకటి ఉంది కదా, దానికి జవాబు ఇదే: ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్నది చూడాలి. పంటికి రాసి ఉమ్మేసేది వేరు, పుట్టినప్పటి నుంచి రోజూ లీటర్ల లెక్కన తాగేది వేరు. పేస్టు మింగేసే చిన్నపిల్లలకు మాత్రం తక్కువ పెట్టాలి, పెద్దవాళ్ళు దగ్గరుండి ఉమ్మించాలి.

నా సలహా అడిగితే పెద్దగా ఏమీ లేదు. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్, ఫ్లోరైడు పేస్టు, తక్కువ తీపి. బ్రష్ దొరకనిచోట వేపపుల్ల నిక్షేపంగా వాడుకోవచ్చు, అమావాస్య నాడు కూడా! తెల్లగా కావాలన్న కోరిక తప్పు కాదు. 1989 నుంచి పది శాతం కార్బమైడ్ పెరాక్సైడుతో ఇంట్లోనే చేసుకునే బ్లీచింగ్ ఉంది, దంతవైద్యుడు చూసి చెప్పాక చేసుకోవచ్చు. ఫ్లోరైడు మచ్చల్ని కొంతవరకు తగ్గించే పద్ధతులు కూడా వారి దగ్గర ఉన్నాయి. ఇటుక పొడికి అది చేతకాదు.

ఎవరి పళ్ళైనా గోధుమరంగులో కనిపిస్తే "తోముకోవా?" అని అడిగే ముందు "మీ ఊళ్ళో ఏ నీళ్ళు తాగారు?" అని అడగండి. ముఖ్యంగా బడిలో పాఠాలు చెప్పే మిత్రులకు ఈ మనవి. మొదటి ప్రశ్న ఆ పిల్లతో నోరు మూయిస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల కాదు, నీళ్ళు ఇవ్వాల్సిన ప్రభుత్వం.